బ్లీచింగు జల్లిన కుప్ప

మా ఊళ్లో ఆదివారం పూట కోడి ఉడకని ఇల్లు వెతకాలంటే ఊరు దాటి, పక్క ఊరు కూడా దాటి నడవాలి. ఇది కోతలు కొయ్యడమని నా సంగతి తెలిసినవాళ్లు అంటారు. సరే, ఒకటో రెండో ఇళ్లు ఉంటాయేమో, ఆ రోజు జ్వరం తగిలినవాళ్లవి. మిగతా ఊరంతా ముక్కలు కొట్టించిన కోడిని నల్ల కవర్లో వేయించుకుని ఇంటికి పోతుంది. ఆ కవర్లో పడనిదంతా, అంటే పేగులు, ఈకలు, తలకాయలు, కాళ్లు, తోలు, ఎక్కడికి పోతుందని ఇన్నేళ్లలో నోరు తెరిచి అడిగిన మనిషిని నేను చూడలేదు.

నేనూ అడగలేదు. నాకు తెలుసు కనక. రాజాం పోయే రోడ్డు మీద కోళ్ల షాపు మా బావమరిదిదే. మధ్యాహ్నం షాపు కడిగేసి, గోనెసంచులు మోపెడు మీద వేసుకుని కల్వర్టు దగ్గరికి వచ్చేవాడు. అటూ ఇటూ చూసేవాడు కూడా కాదు. తప్పు చేస్తున్నానన్న ఆలోచన ఉంటే కదా చూడ్డానికి. ఒక్క విసురు విసిరితే సంచి కింద పారే గెడ్డలో పడేది. ఆ పడిన చప్పుడు మా చెక్కలోకి వినబడేది.

ఆ చెక్క గెడ్డ ఒడ్డున ఉన్న మెట్టభూమి. మా ఆవిడకి పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చారు. మా మావ కాలంలో అందులో గోగు మనిషెత్తు లేచేది. తరవాత్తరవాత యూరియా మీద యూరియా జల్లి జల్లి మట్టి బూడిదై కూర్చుంది. వంగ నాటితే మోకాలు దాటేది కాదు. కిందటేడు పంట పీకేశాక మా ఆవిడ గట్టు మీద కూర్చుని, నా వైపు చూడకుండా అంది:

"వచ్చే వానలకి కూడా ఇలగే ఉంటే అమ్మీ బావా. మా అయ్య ఇచ్చిన బూమిలో ఇంక నాను బూడిద పిసకలేను."

అమ్మేయమని ఆవిడ నోటితో అంది గాని, అంటూ అంటూ చీరకొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ ముక్కు తుడుపు నేను చూశాను. ఈ కథంతా దానికోసమే.

నౌపడ వైపు సముద్రపొడ్డున మా అమ్మ పుట్టింటివాళ్లు చేపల పొట్టలు, తలకాయలు కొబ్బరిచెట్ల మొదట్లో పాతేవారు. ఆ చెట్ల కొబ్బరి పచ్చడికి ఉప్పు వెయ్యక్కర్లేదని మా ఊళ్లో చెప్పేవాణ్ణి. ఉప్పు సంగతి అబద్ధం. చెట్లు ఏపుగా ఉండేవన్నది నిజం. వ్యవసాయం ఆఫీసులో అమ్మాయిని అడిగితే కోడివ్యర్థాల్తో గత్తం, అదే ఎరువు, చెయ్యొచ్చని, ఎలా చెయ్యాలో కూడా ఓపిగ్గా చెప్పింది. నేరుగా బావమరిది దగ్గరికి వెళ్లాను.

"ఒరే, ఆ సంచులు గెడ్డలో పారెయ్యకు. నాకియ్యి."

"ఏటి సేసుకుంతావు బావా? కూరొండుకుంతావేటి?"

"గత్తం సేత్తాను."

"కోడిపేగుల్తోనా! పేడకి కరువొచ్చినాదేటి ఊళ్లో? మా అప్పకి తెలుసా?"

"మీ అప్ప సెక్క కోసమే."

అప్పంటే అక్క, మా ఆవిడ. ఆవిడ పేరు ఎత్తితే వాడు మరి మాట్లాడడు. చిన్నప్పట్నించీ అంతే. ఆ రోజు నుంచి సంచులు మా చెక్కకి వచ్చాయి.

అడుగున ఎండుగడ్డి పరిచాను. దాని మీద మిల్లు నుంచి తెచ్చిన ఊక, కర్రకోత మిషను దగ్గర ఎత్తుకొచ్చిన పొట్టు. మధ్యలో గొయ్యిలా చేసి అందులో పేగులూ ఈకలూ. అంచుకి ఒక్క పేగు రాకూడదు. వాటి మీద పేడనీళ్లు, మళ్లీ ఊక, ఆఖరికి మోచెయ్యంత మందాన గడ్డి దుప్పటి. కుక్కలు రాకుండా చుట్టూ తాటాకు దడి. ఇంతే విద్య. పేగుకి గాలి తగలనంత కాలం కంపు పుట్టదు. ఆ దుప్పటి తియ్యకూడదు, అంతే. ఆ దుప్పటి తియ్యకూడదని నేను చెప్పని మనిషి మా ఊళ్లో లేడు.

వారం తిరక్కుండా కుప్ప కాగింది. లోపల చెయ్యి పెడితే ఉంచలేం. పొద్దున్న మంచులో దాని నెత్తి మీంచి ఆవిరి లేచేది. దడి పక్కన నిలబడి చోడి అంబలి తాగుతూ ఆ ఆవిరి చూస్తుంటే, నా చేత్తో నేనొక జంతువుని పుట్టించినట్టుండేది. కదలదు, అరవదు, తింటూ ఉంటుంది. సంచెడు పేగులు వేస్తే కొన్నాళ్లకి వేసిన చోట వెతికినా కనబడేవి కావు. ఈకలు మాత్రం మొండిగా ఉండేవి, అవీ పట్టుకుంటే పొడుం.

ఒక కుప్ప అలా ఆవిరి కక్కుతుంటే నా నోరు ఊరుకుంటుందా? టీ బడ్డీ దగ్గర చెప్పాను. గుడ్డు పెడితే పావుగంటలో ఉడికిపోతోందన్నాను. చలికి తట్టుకోలేక ఒక తాచుపాము వచ్చి దడి బయట నిలబడి, లోపలికి రావచ్చా అన్నట్టు పడగ ఊపిందన్నాను. కుప్ప పక్కన పడ్డ ఆనపగింజ మొలిచి, తీగ సాగి, గట్టు మీద కునుకు తీస్తున్న ముసలాయన్ని చుట్టేసిందనీ, విడిపించడానికి కత్తి తెచ్చేలోపు ఆయన చెవి పక్కన పిందె దిగిందనీ చెప్పాను. నవ్వారు. ఇంకో టీ ఇప్పించారు.

మా ఆవిడకి ఈ సంగతి తెలిసి చిరాకుపడింది. "నిజం సెప్పినా నీ నోట్లోంచొస్తే అబద్ధమైపోతాది బావా. కుప్ప గురించి నువ్వు మాటాడకు. పంటొచ్చినాక అదే మాటాడతాది."

నవ్వినవాళ్లే నాకు పేగులోడని పేరు పెట్టారు. పెళ్లి బంతిలో కూర్చుంటే నా పక్క విస్తరి ఖాళీ. ఎదటి వరసలో వాళ్లు కోడికాలు చీకుతూ నన్ను చూసి మొహం తిప్పుకునేవారు. వాళ్ల విస్తట్లో ఉన్నది కోడి. నా కుప్పలో ఉన్నదీ ఆ కోడే, ఆ కోడి పొట్టలో ఉన్నదే. మరి ఎవరు దేనికి దూరం జరిగినట్టు? తిన్నవాడు శుభ్రమైనవాడూ, తిన్నదాని మిగులు మట్టి చేసేవాడు మురికివాడూనా? ఈ లెక్క నాకు ఇప్పటికీ ఎక్కదు.

ఎండలు ముదిరాయి. గెడ్డ ఆరింది. రోడ్డు మీద కొత్తగా ఒక ఫంక్షను హాలు లేచింది, పెళ్లిళ్ల కాలం కూడాను. మేకల పొట్టలు, కోళ్ల తలకాయలు, చేపల పొలుసులు, మిగిలిన కూరలు డ్రమ్ముల్లో నింపి ఆటోలో తెచ్చి కల్వర్టు కింద గుమ్మరించేవారు. గెడ్డలో నీళ్లున్నంతకాలం అది కింద ఊరి కంపు. నీళ్లు ఆరాక మా ఊరి కంపు అయింది. సాయంత్రం గాలి తిరిగితే అన్నం ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయేది.

ఊరంతా మావా అని పిలిచే మాజీ సర్పంచి ఒకాయన ఉన్నాడు. ఆ ఫంక్షను హాలు తెరిచిన రోజు రిబ్బను కత్తిరించింది ఆయనే. ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని, వెనక నలుగురిని వేసుకుని మా దడి దగ్గరికి వచ్చాడు.

"ఒరే అల్లుడూ, ఏటిరా ఈ కంపు?"

"కల్వర్టు కిందకి దిగి సూడు మావా."

"కల్వర్టు మా తాతల్నాటిది. కంపు ఈ ఏడే వచ్చినాది. నీ కుప్పా ఈ ఏడే వచ్చినాది."

"ఫంక్షను హాలూ ఈ ఏడే వచ్చినాది కదేటి?"

"హాల్లో పెళ్లిళ్లవుతన్నాయి. నీ కుప్పలో ఏటవుతన్నాది?"

వెనకాల ఒకడు అందుకున్నాడు. "తాచుపాముకి పురుడు పోత్తన్నాడు మావా!"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "లోపలికొచ్చి వాసన సూడండి. ముక్కెట్టి సూడండి. కంపుంటే నా సెవి కోసుకోండి."

"నీ మాటా? మొన్న ఆనపతీగ మనిషిని సుట్టీసిందన్నావు."

"అది వేరు మావా, ఇది వేరు."

"ఏది వేరో మాకెలగ తెలుస్తాదిరా? రెండూ ఒకే నోట్లోంచొచ్చినాయి కదా." ఆయన తువ్వాలు సర్దుకున్నాడు. "అమ్మోరి పండక్కి సుట్టాలొత్తారు. ఆలోగా ఇది తీసీ."

"సగంలో ఉన్నాది మావా. ఇప్పుడు కదిపితే పాడైపోతాది. వానలకి మా ఆవిడ సెక్కకి ఇదే ఆధారం."

"సెక్కకి యూరియా ఎయ్యి."

నాతో వాదించిన ఆ అయిదుగురిలో ఒక్కడైనా కల్వర్టు కిందకి దిగాడా? అక్కడి నుంచి కల్వర్టు ఎంత దూరమనుకున్నారు? బీడీ వెలిగించి రెండు దమ్ములు లాగేలోపు చేరుకోవచ్చు. దిగలేదు. దిగితే కనబడుతుంది. ఎవరింటి పెళ్లి విందు అక్కడ కుళ్లుతోందో తెలిసిపోతుంది. నా కుప్ప అయితే హాయి, దానికి ఒక్కడే యజమాని.

నేను కుప్ప తియ్యలేదు. పండగ దగ్గర పడింది. ఊక తెద్దామని రాజాం మిల్లుకి వెళ్లొచ్చేసరికి దడి తలుపు తీసి ఉంది.

మా ఊళ్లో దేనికైనా మందు బ్లీచింగే. బావిలో కప్ప చస్తే బ్లీచింగు. కాలవ పొంగితే బ్లీచింగు. పెద్దమనిషి ఎవరైనా వస్తున్నాడంటే రోడ్డుకి రెండు వైపులా ముగ్గు పెట్టినట్టు బ్లీచింగు. కంపు ఎక్కడ పుట్టిందో చూసే పని లేదు, నేల తెల్లగా కనబడితే చాలు. పండక్కి పంచాయితీ తెప్పించిన బస్తాలన్నీ ఈసారి నా కుప్ప మీద పోశారు. ఊరికే పోయలేదు. లోపలికి దిగాలని గడ్డి దుప్పటి లాగేసి, పారల్తో కుప్పని అడుగంటా తిరగేసి, పొరపొరకీ జల్లారు. పైన ఫినాయిలు. చివర్లో నాలుగు బిందెల నీళ్లు.

మావ దడి దగ్గరే నిలబడి ఉన్నాడు, చేతులకి తెల్లటి పొడుం. మొహంలో కోపం లేదు, పండక్కి గోడకి సున్నం కొట్టించినవాడి సంతోషం ఉంది.

"నీకు శ్రమ లేకుండా మేవే శుభ్రం సేసీశాం అల్లుడూ. ఇంక కంపుండదు."

కుప్పలో వేడి పుట్టించేది నిప్పు కాదు. కంటికి ఆనని జీవాలు. అవి తింటేనే వేడి, అవి తింటేనే గత్తం. బావినీళ్లలో క్రిములు చావాలని వేసే మందు వాటి నెత్తిన పోశారు. నేను చెయ్యి లోపలికి దూర్చాను. చల్లగా ఉంది.

ఆ తరవాత జరగాల్సిందే జరిగింది. దుప్పటి లేని తడి పేగులకి ఎండ తగిలింది, దడి తలుపు తోసుకుని కుక్కలు చొరబడ్డాయి. పండగ వచ్చేసరికి నా కుప్ప కూడా నిజంగానే కంపు కొట్టింది. కల్వర్టు కంపు ఒక వైపు, ఇది ఒక వైపు. జనం ముక్కులు మూసుకుని, "మేం సెప్పలేదేటి?" అన్నారు. చెప్పారు. చెప్పి, చేసి, చూపించారు. ఇలాంటి సాక్ష్యం ఏ కోర్టులో చెల్లుతుందో నాకు తెలీదు, మా ఊళ్లో చెల్లింది.

మా ఆవిడ వచ్చి చూసింది. బ్లీచింగు అంటిన ఈక ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పింది.

"ఎవురు?"

"ఊరు."

"ఊరంటే ఎవురు? ఆదివారం ఆదివారం కోడి తినేటోళ్లేనా?"

అవునన్నాను. ఆ ఆదివారం పొద్దున్నే మా ఆవిడ స్టూలు ఒకటి చంకన పెట్టుకుని వెళ్లి తమ్ముడి షాపు ముందర వేసుకుని కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. నన్ను నోరెత్తొద్దంది.

"ఒరే తమ్ముడూ, ఒక్కో మనిషికీ రెండేసి కవర్లియ్యి. ఒక కవర్లో కూర. రెండో కవర్లో ఆ కోడి పేగులూ, ఈకలూ, తలకాయా. రెండోది పట్టుకోనోళ్లకి మొదటిది ఇయ్యకు."

"అప్పా, నా బేరం పోతాదే!"

"పోదు. తినేనోరు ఊరుకోదు. ఒక్క పేగు నీ షాపులో మిగిల్నాదంటే మాత్రం నీకే ఒండి పెడతాను."

వాడు ఇచ్చాడు. మొదటి మనిషి రెండో కవరు విప్పి చూసి వెనక్కి తగ్గాడు.

"ఇదేటమ్మా?"

"నీ కోడే బాబూ. తూకం ఏసినప్పుడు మొత్తం నీదే కదా."

"పేగులు నానేటి సేసుకోను?"

"ఆ మాటే నానూ అడుగుతన్నాను."

వెనకాల వరస పెరిగింది. గొణిగారు, తిట్టారు. కానీ ఇళ్ల దగ్గర మసాలా నూరి పెట్టి ఉంది, ఇంకో షాపు కావాలంటే రాజాం పోవాలి. తీసుకున్నారు. కొంచెం సేపటికి మావ వచ్చాడు. సొంత అల్లుడొచ్చాడని నాలుగు కోళ్లు కొట్టించాడు.

"నాక్కూడానేటే?" అన్నాడు రెండో కవరు చూసి.

"నీకు నాలుగు కోళ్లు మావా. బరువుంటాది, కింద సెయ్యెట్టి పట్టుకో. కారతన్నాది."

నేను అక్కడి నుంచి పోయి కల్వర్టు గోడ మీద కూర్చున్నాను. నా జీవితంలో అంత మంచి సీటు నాకు మళ్లీ దొరకలేదు. వంటలయ్యాక ఒక్కొక్కళ్లే రావడం మొదలెట్టారు. చెయ్యి వెనక్కి పెట్టుకుని వచ్చేవారు, నన్ను చూసి ఆగేవారు.

"ఏటి బావా, ఎటెల్తన్నావు?"

"ఊరికే, గాలికి."

"కవరూ గాలికేనా?"

అటు తిరిగి పోయేవారు. వీధిలో పారేద్దామంటే ఎదటింటామె కేక. సొంత పెరట్లో పాతుదామంటే సొంత పెళ్లాం కేక. పెద్ద పెద్ద మీసాలున్నవాళ్లు ఈకల కవరు పట్టుకుని మధ్యాహ్నమంతా ఊళ్లో ప్రదక్షిణలు చేశారు. కొందరు అప్పటికి మూడుసార్లు వచ్చి నన్ను పలకరించి పోయారు, ఏనాడూ లేనంత ప్రేమగా.

పొద్దు వాలేసరికి మా తాటాకు దడి నిండా నల్ల కవర్లు వేలాడుతున్నాయి. కట్టినవాళ్లు ఒక్కరూ కనబడలేదు. ఆఖరున మావ వచ్చాడు. దాక్కోలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

"ఎక్కడెట్టమంతావురా?"

నేను ఆ సరికే తెల్లగా ఉన్నదంతా పారతో గీకి దూరంగా గొయ్యి తీసి పూడ్చేశాను. ఆ గొయ్యి మీద ఇవాళ్టికీ గడ్డిపోచ మొలవలేదు. మిగిలినదాని కింద కొత్తగా గడ్డీ ఊకా పరిచి, పచ్చిపేడ కలిపి, మధ్యలో చోటు చేసి ఉంచాను. చోటు చూపించి, ఊక బుట్ట ఆయన చేతికి ఇచ్చాను.

"అక్కడెట్టి నువ్వే కప్పు మావా. పేగు పైకి కనపడకూడదు."

వంగి కప్పాడు. దాని మీద పేడనీళ్లు, గడ్డి నేను వేశాను. అంతా అయ్యాక ముక్కు మీంచి తువ్వాలు తీసి గాలి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. తరవాత తల తిప్పి కల్వర్టు వైపు చూశాడు. చూసినవాడు ఒక మాట అనొచ్చు కదా? ఆ బ్లీచింగు మేం తప్పు చేశాంరా అని, పెద్దవాడు కనక అంత అనక్కర్లేదు, పోనీలేరా అని అన్నా చాలు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఇప్పటిదాకా అనలేదు.

కుప్ప మళ్లీ కాగింది. అయితే పోయిన రోజులు ఎవరు తిరిగి ఇస్తారు? తొలకరి పడేటప్పటికి సగమే మట్టయింది. నల్లగా, గుప్పిట్లో పొడిపొడిగా రాలే ఆ సగాన్ని తీసి చెక్కలో సగానికే వేశాం. గట్టుకి ఇవతల వంగ నడుం దాకా లేచింది. అవతల ఎప్పట్లాగే మోకాలు. మా ఆవిడ ఇవతల సాళ్లలో కూర్చుని కలుపు తీస్తుంది, అవతల సాళ్ల వైపు చూసి ఊరిని తిడుతుంది. చెక్క అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ కదపలేదు.

కల్వర్టు కింద ఉన్నదాన్ని ఎవరూ తియ్యలేదు. మొదటి వరదకి గెడ్డ దాన్ని కింద ఊరికి మోసుకుపోయింది. మా ఊరు హాయిగా గాలి పీల్చుకుంది. కింద ఊళ్లో బ్లీచింగు జల్లే ఉంటారు. ఎవరి పెరట్లోనో, ఎవరి కుప్ప మీదో.

మొన్నొక పొద్దున్న మావ మళ్లీ వచ్చాడు, జేబులో కోడిగుడ్డుతో. "గుడ్డు ఉడుకుతాదన్నావు కదా, నిజవేనేటిరా?" అన్నాడు. నాకు అబద్ధం చెప్పాలనిపించలేదు. పెట్టి చూడమన్నాను. గుడ్డుని కుప్ప లోపల పెట్టి, సాయంత్రం ఇద్దరం తీసి పెంకు కొట్టాం. తెల్లసొన గడ్డకట్టింది. పచ్చసొన జారుగానే ఉంది. మావ దాన్ని కుక్కకి వేసి ఇంటికి పోయాడు.

మర్నాడు టీ బడ్డీ దగ్గరికి వెళ్తే జనం మధ్యలో కూర్చుని ఉన్నాడు.

"పావుగంట కూడా పట్టలేదురా. పెంకు ఒలుచుకుని ఉప్పేసుకుని తిన్నాను. నోరు కాలిపోయినాది."

అందరూ ఆహా అన్నారు. ఆ గుడ్డు గురించి నేను చెప్పినప్పుడు పేగులోడినయ్యాను. ఆయన చెబితే వింత అయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కాదు. పొద్దున్నెడితే సాయంత్రానికి సగవే ఉడికినాది. నానక్కడే ఉన్నాను," అన్నాను.

నా వైపు ఎవరూ తిరగలేదు. "ఊరుకో పేగులోడా," అన్నాడొకడు, "మావ కళ్లారా సూసి సెప్తన్నాడు."